పోస్టుమార్కు లేని ఉత్తరం

చిలోయె దీవిలో, దల్కావె రేవులో
వాన పట్టుకుని అది పదకొండో రోజు.
తారు అంటిన వేళ్లతోనే ఫోను తెరిచాను.
"అభినందనలు, ప్రియమైన విజేతా" అని ఉంది.

విజేత.
అరవై మూడేళ్లలో నన్నెవరూ అలా పిలవలేదు.
నోల్బెర్తో అంటారు. మరీ చనువున్నవాళ్లు
"ఒరేయ్ కన్నాలు పూడ్చేవాడా" అంటారు.
పలకల సందుల్లో నార కుక్కి
పడవలోకి నీళ్లు రాకుండా చూడడం నా పని.

ఎనిమిది లక్షల యాభై వేల యూరోలు.
సున్నాలు లెక్కపెట్టడానికి కళ్లజోడు వెతుక్కున్నాను.
కింద బంగారు ముద్ర, వంకర సంతకం,
శుక్రవారం సాయంత్రం దాటితే చెల్లదన్న గడువు.
ఇంకా ఒక మాట: ఈ సంగతి ఎవరికీ చెప్పకండి,
మీ క్షేమం కోసమే.

చెప్పలేదు. రెండు రాత్రులు చెప్పలేదు.
ఆలూ చూలూ లేకుండానే
కొనబోయే ఇంజనుకి పేరు పెట్టేశాను.
కప్పు రేకులు మార్చాను. చెల్లెలికి పళ్లు కట్టించాను.
నిరుడు నాకు అప్పు పుట్టనివ్వని
సహకార సంఘం గుమాస్తా ఎదుట
కాలు మీద కాలేసుకుని కూర్చున్నాను కూడా.
అంతా పక్క మీదే, రేకుల మీద చినుకులు వింటూ.

మూడో రోజు బదిలీ ఖర్చులు అడిగారు.
నాలుగు వందల ముప్పై.
దుంపలమ్మిన డబ్బు డబ్బాలో
అంతకి కాస్త ఎక్కువే ఉంది.
వీళ్లకెలా తెలిసిందబ్బా అనుకున్నాను.
తెలియలేదు. అందరి డబ్బాల్లోనూ
ఇంచుమించు అంతే ఉంటుంది.

పంపడం చేతకాక ఎదెల్మీరా ఇంటికి వెళ్లాను.
ముప్పై ఒక్క ఏళ్లు ఈ దీవిలో ఉత్తరాలు పంచిన మనిషి.
కవరు చేతిలో పడితే చాలు,
లోపల పెళ్లి ఉందో చావు ఉందో చెప్పేసేది.

పొయ్యి దగ్గరికి ఫోను జరుపుకుంది.
సున్నాల వైపు చూడలేదు, ముద్ర వైపూ చూడలేదు.
ఎక్కణ్ణుంచి వచ్చిందో చూసింది.
"పైన లాటరీ సంస్థ అని రాశారు.
చిరునామా చూస్తే ఎవడో ఊరికే తెరుచుకున్న ఖాతా.
ఇందులో నీ పేరెక్కడ?"
పైనుంచి కిందదాకా వెతికాను.
విజేత ఉన్నాడు. నోల్బెర్తో లేడు.

"టికెట్టు ఎప్పుడు కొన్నావు?"
కొనలేదు.
"మరి విత్తని చేలో కోతకి ఎవరు పిలిచారు నిన్ను?"
కంప్యూటరే నా చిరునామాని ఏరిందట, అని గొణిగాను.
"అంత సొమ్ము ఇచ్చేవాడు
ఖర్చులేవో అందులోంచే కోసుకోవచ్చుగా.
నీ దుంపల డబ్బుతో వాడికేం పని?"

కోపం వచ్చింది నాకు.
వాడి మీద కాదు, ఈవిడ మీద.
రెండు రాత్రులు కట్టుకున్న పడవకి
నా కళ్ల ముందే కన్నం పెడుతోంది.
"నీకెలా తెలుసు?" అన్నాను, గట్టిగానే.

లేచింది.
కట్టెల పెట్టె వెనక నుంచి బిస్కెట్ల డబ్బా తీసింది.
అడుగున మూడు రసీదులు.
బదిలీ ఖర్చులు. బీమా. పన్ను.
అన్నిటి మీదా
వాళ్లాయన సముద్రంలో పోయిన ఏటి తేదీలు.

"ఎవరికీ చెప్పొద్దన్నారు" అంది.
"తొమ్మిదేళ్లు చెప్పలేదు.
డబ్బు తీసుకుని మూడోసారికే వదిలేశారు వాళ్లు.
నేను మాత్రం ఆ ఒక్క మాట
ఇవాళ్టిదాకా నిలబెట్టుకున్నాను చూడు."

నీళ్లు మరిగి మరిగి సగమయ్యాయి.
ఇద్దరం లేవలేదు.
పెద్ద కన్నం ఎవరికైనా కనిపిస్తుంది.
గోరు దూరనంత సందే
రాత్రికి రాత్రి పడవని కూర్చోబెడుతుంది.

వాడిని బూతులు తిట్టి రాద్దామన్నాను.
"వద్దు. తిట్టినా సరే,
ఈ ఇంట్లో మనిషి ఉన్నాడని తెలిసిపోతుంది."

శుక్రవారం సాయంత్రం గడువు దాటింది.
వలల షెడ్డులో నా కథ చెప్పాను, నాది మాత్రమే.
నవ్వారు. కడుపారా నవ్వారు.
నవ్వు ఆగాక కుర్రాడు ఎలియాసర్
తల వంచుకుని, మెల్లగా ఫోను తీసి
"మామా, ఇది కూడా అలాంటిదేనా?" అన్నాడు.

ఆ రాత్రి పెట్టిన పేరు ఊరికే పోనివ్వలేదు.
పాత ఇంజనుకే ఉంచాను.
నాలుగోసారి తాడు లాగితే గానీ
పలకదు.